కనుమలో పడుకున్న ఎద్దు

బూరుగు కనుమకు ఇవతల అడవి, అవతల ఏరు. రెండు కొండలు భుజాలు రాసుకుంటూ నిలబడితే, వాటి సందులోంచి ఒక్కటే దారి. ఎండాకాలం వచ్చిందంటే అడవిలో చెట్లన్నీ మోడులైపోతాయి. దుంపలైనా, పళ్లైనా, తామరతూళ్లైనా ఏటి గట్టు నుంచి ఆ దారినే రావాలి. వాటిని మోసుకొచ్చే మోతగాళ్లలో పెద్దవాడు పోలయ్య అనే ఎద్దు.

పోలయ్య అట్టే మాట్లాడేవాడు కాదు. నిరుడు వేసవిలో అతని జోడెద్దు వడదెబ్బ తగిలి ఆ దారిలోనే పడిపోయింది. అప్పటి నుంచి ఒంటరిగానే మోస్తున్నాడు. ఇప్పటికీ కుడిపక్క కాస్త చోటు వదిలి నడుస్తాడు. ఎందుకలా అని ఎవరైనా అడిగితే, "అలవాటు" అంటాడు.

బరువు మోసేవాడి కడుపులో గడ్డి పడాలి. ఆ గడ్డంతా చిత్తరయ్య అనే నక్క చేతిలో ఉంది. నక్కకు గడ్డితో పనేమిటంటే, తినడానికి పనిలేదు గానీ అమ్మడానికి ఉంది. వానాకాలంలో పులిదొర దగ్గర చేతులు కట్టుకుని నిలబడి, అడవిలో ఉన్న ఒకే ఒక్క పచ్చిక బీడు తన పేర రాయించుకున్నాడు. చుట్టూ కంప కొట్టించి, కోతుల చేత కోయించి, వాములు వేయించాడు. చలికాలంలో బుట్టెడు ఇప్పపూలకు మోపు గడ్డి ఇచ్చేవాడు. ఎండ ముదిరేకొద్దీ రెండు బుట్టలన్నాడు, ఆ తరవాత నాలుగన్నాడు.

"ఇదేం అన్యాయం చిత్తరయ్యా?" అని పోలయ్య అడిగితే, "నా చేతిలో ఏముంది బావా? పులిదొర వాటా పెరిగింది, వానలు తగ్గాయి, పైన ఆకాశంలో ఏం జరుగుతోందో నాకేం తెలుసు?" అని కళ్లు తుడుచుకున్నాడు.

చేసేది లేక మోతగాళ్లు కూలి పెంచారు. దాంతో దుంపల ధర పెరిగింది. అడవి వాళ్లు తిట్లకు లంకించుకున్నారు. తిట్టింది నక్కని కాదు, మోతగాళ్లని. నక్క కంప వెనక ఉంటాడు, మోతగాడు గుమ్మం ముందు నిలబడతాడు మరి.

"నీ మూపురం మీద బంగారం గానీ మొలిచిందా, ఇంత కూలి అడుగుతున్నావు?" అంది ఒక కుందేలు.

"నా దగ్గర గుంజుకున్నదే నీ దగ్గర అడుగుతున్నా తల్లీ, నాకు మిగిలేదేం లేదు" అన్నాడు పోలయ్య. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి. కుందేలు మరో రెండు మాటలు అనే వెళ్లింది.

చివరికి ఒకనాడు అందరూ ఎండిన వాగు ఒడ్డున నల్లబండ మీద చేరారు. గంగులు అనే గాడిద బండెక్కి ఓండ్రపెట్టింది.

"ఇంకెన్నాళ్లు పడదాం? గడ్డి ధర దించేదాకా మోత బంద్!"

"బంద్!" అన్నారందరూ. కుందేలు గొంతే అందరికన్నా పెద్దగా వినిపించింది.

"బంద్ అంటే ఏం చేద్దాం?" అన్నాడు పోలయ్య. "నాకొక్కటే తోస్తోంది. నక్క గడ్డిదొడ్డి గుమ్మం ముందు పడుకుందాం. వాడి గడ్డి బయటికి పోకూడదు, ఇప్పపూలు లోపలికి పోకూడదు. నాలుగు రోజుల్లో దిగొస్తాడు."

అప్పుడే పొద చాటు నుంచి చిత్తరయ్య వచ్చాడు. వస్తూనే చేతులు జోడించాడు.

"విన్నాను బావా, మంచి మాట అన్నావు. నా గుమ్మం ముందు ఎంతమంది కావాలంటే అంతమంది పడుకోండి, చాపలు నేనే వేయిస్తాను. కానీ మీ కాళ్లు పట్టుకుంటాను, కనుమ దారికి మాత్రం అడ్డం పడకండి. ఆ దారి మూసుకుపోయిందంటే నా కొంప మునిగిపోతుంది. పులిదొర నా తోలు ఒలిచేస్తాడు."

అంటూ వెనక్కి వెనక్కి నడిచి వెళ్లిపోయాడు. వాడి తోక వణుకుతోంది కూడా.

"చూశారా!" అని గంగులు గంతేసింది. "నొప్పెక్కడుందో వాడే చూపించాడు. దొడ్డి కాదు, కనుమే మూసేద్దాం!"

పోలయ్యకు ఎందుకో మనసొప్పలేదు. "కనుమ మూస్తే ముందు మాడేది మన కడుపులేగా?" అన్నాడు.

"మేం మాడతాం అన్నా! నీ వెనకే ఉంటాం" అంది చుక్కమ్మ అనే లేడి. ఆమె పక్కన పుట్టి ఎన్నాళ్లూ కాని పిల్ల ఒకటి నిలబడి ఉంది. "నువ్వు మోయకపోతే మాకు గడిచేదా? ఈ ఒక్కసారికి నిన్ను మేం మోస్తాం."

అలాంటి మాట పోలయ్యతో ఎవరైనా అని చాలా కాలమైంది. సరేనని తలూపాడు.

మర్నాడు కనుమలో దారి ఇరుకైన చోట పోలయ్య అడ్డంగా పడుకున్నాడు. కొండ మలుపు దగ్గర గంగులు కాపలా నిలబడింది. పోలయ్య ముందే చెప్పాడు, "జబ్బుపడ్డవాళ్లొస్తే నన్ను కేకెయ్యి, లేచి దారిస్తాను." గంగులు సరేనంది.

ఆ రోజు కనుమంతా తిరనాళ్లలా ఉంది. ఎలుగుబంటి డొల్ల మాను మీద డప్పు వాయించాడు. కుందేళ్లు పాటలు కట్టాయి. చుక్కమ్మ పిల్ల పోలయ్య డొక్కకు ఆనుకుని నిద్రపోయింది. ఆ చిన్న ఒంటి వేడి తగులుతుంటే, ఈగ వాలినా తోక విదిలించకుండా పడుకున్నాడు.

కావమ్మ అనే కాకి ఉంది. దానికి అందరి గూళ్ల మీదా వాలి, "ఏమంటారు? మీరేమంటారు?" అని అడగడం పని. సాయంత్రం వచ్చి పోలయ్య కొమ్ము మీద కూర్చుంది.

"అడవంతా నీ వైపే పోలయ్యా. ఒక్కళ్లు కూడా కాదనలేదు."

మూడో రోజు డప్పు వినబడలేదు. కావమ్మ వచ్చింది.

"అందరూ న్యాయమే అంటున్నారు. కానీ..."

"కానీ?"

"అదే. ఇవాళ అందరి మాటల్లోనూ ఆ 'కానీ' ఒకటి వచ్చి చేరింది. కోరిక న్యాయమే కానీ దారి మూయడమేమిటంటున్నారు. నక్క తప్పే కానీ మా పిల్లలేం చేశారంటున్నారు."

ఇంకో రెండు రోజులకు 'న్యాయం' అనే మాట పోయి 'కానీ' ఒక్కటే మిగిలింది. దాచుకున్న దుంపలు అయిపోయాయి. పక్కన కూర్చునేవాళ్లు ఒక్కొక్కళ్లే, నీళ్లు తాగొస్తామని లేచి వెళ్లి, తిరిగి రాలేదు.

"కావమ్మా, నువ్వేమంటావు?" అని అడిగాడు పోలయ్య.

"నేనా? నేను అడిగేదాన్నే గానీ అనేదాన్ని కాదు" అని ఎగిరిపోయింది. ఎద్దు పుండు కాకికి నొప్పా?

అటు చిత్తరయ్య ఊరుకోలేదు. మలుపు దగ్గరికి వెళ్లి గంగులు చెవిలో ఊదాడు. "నీ మంచి కోరి చెబుతున్నా గంగులూ. జబ్బు పేరు చెప్పి కొందరు మూటలు దాటించాలని చూస్తున్నారట. ఒక్కర్ని వదిలావా, బంద్ నీ చేతుల మీదే పోయిందంటారు."

గాడిదకి పెద్దరికం ఇస్తే చెవులు ఇంకాస్త పొడుగవుతాయి. గంగులు కాళ్లు బిగించి నిలబడింది.

ఆ మర్నాడు ఎండ మండిపోతున్న వేళ చుక్కమ్మ పిల్లను వీపున వేసుకుని మలుపు దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. తినడానికి ఏమీ లేక, పచ్చగా కనిపించిందని ఆమె పిల్ల ఉమ్మెత్త నమిలింది. నోట నురగలు కక్కుతోంది. విరుగుడు తెలిసిన కొండముచ్చు ఏటి గట్టునే ఉంటాడు.

"దారియ్యి గంగులూ, పిల్ల పోయేట్టుంది!"

"అందరూ అలాగే అంటారు."

"నీ కళ్లతో చూడు!"

"చూస్తే జాలేస్తుంది. అందుకే చూడను" అంది గంగులు మొహం అటు తిప్పుకుని.

చుక్కమ్మ ఏడ్చింది, బతిమాలింది, చివరికి అరిచింది. ఆ అరుపు మలుపు దాటి పోలయ్య చెవిన పడింది. అతను లేచి వచ్చాడు. రోజుల తరబడి పడుకున్న ఎద్దు లేవాలంటే మొదట వెనక కాళ్లు లేవాలి, తరవాత ముందుకాళ్లు లేవాలి. ఆ కాసేపూ అతనికి యుగంలా గడిచింది. వచ్చి చూసి, ఒక్క మాటైనా అడగకుండా ముందుకాళ్ల మీద వంగాడు.

"నా వీపు మీద వెయ్యి."

బరువు మోసే ఎద్దు పరిగెత్తడం ఆ అడవి ఎప్పుడూ చూడలేదు. పోలయ్య ఆ రోజు పరిగెత్తాడు. రాళ్లు తగిలి గిట్టలు చిట్లాయి. ఏటి గట్టున కొండముచ్చు పిల్లను దించుకుని, దాని కనురెప్పలు విప్పి చూసి, మెల్లగా మూసేశాడు.

"కాస్త ముందు తేవలసింది" అన్నాడు.

చుక్కమ్మ ఏడవలేదు. పిల్లను నాకుతూ చాలాసేపు కూర్చుంది. తరవాత పోలయ్య మళ్లీ వంగాడు. పిల్లను అతని వీపు మీద వేసి, ఇద్దరూ వెనక్కి బయల్దేరారు.

ఏటి మలుపు దగ్గర పోలయ్య తల తిప్పి చూశాడు. కొండ వెనక నుంచి ఇంకో బాట ఉంది, కోతులు మాత్రమే పాకగలిగే సన్నటి బాట. దాని మీద చిత్తరయ్య కోతులు బారు తీరి బుట్టలు మోసుకుపోతున్నాయి. ఇటు నుంచి దుంపలు అడవిలోకి పోతున్నాయి, అటు నుంచి ఇప్పపూలు వస్తున్నాయి. నక్క కొంప మునగడమన్నది వట్టి మాట. కనుమ మూసుకుపోయాక అడవిలో దుంపలున్నవాడు నక్క ఒక్కడే. పోలయ్యకు అంతా అర్థమైంది. కానీ వీపు మీద చల్లబడుతున్న పిల్లను పెట్టుకుని, ఆ తల్లితో ఏం చెబుతాడు? నడిచాడు.

కనుమ ఇవతల అందరూ గుమిగూడి ఉన్నారు. ముందు చిత్తరయ్య నిలబడి, కన్నీళ్లు కారుస్తున్నాడు.

"అయ్యో పసికూనా! నేను ముందే చెప్పాను కదయ్యా, దారి మూయొద్దని కాళ్లు పట్టుకున్నాను కదయ్యా!"

"చెప్పాడు, నిజమే" అన్నారు నలుగురు.

"ఎద్దు చంపింది" అంది కుందేలు. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, ఓడ దిగాక బోడి మల్లయ్య.

"నేను కాదు, ఆయనే పడుకున్నాడు" అంది గంగులు, ఎవరూ అడక్కముందే.

పోలయ్య పిల్లను దించి, "తప్పు నాదే" అన్నాడు. "ఆపమని గంగులుకి చెప్పలేదు, అయినా అడ్డం పడుకున్నవాణ్ణి నేనే. కానీ ఒక్క మాట వినండి. కొండ వెనక బాటుంది. నక్క మనల్ని..."

"పిల్లను పొట్టనపెట్టుకుని ఇంకా కబుర్లా?" అని ఎలుగుబంటి కసిరాడు. పోలయ్య చుక్కమ్మ వైపు చూశాడు. ఆమె ఎవరి వైపూ చూడటం లేదు.

దారి తెరుచుకుంది. మోతగాళ్లందరూ నక్కతో విడివిడిగా మాట్లాడుకుని పనిలోకి పోయారు. వారం తిరక్కుండానే నాలుగు బుట్టల మోపు ఆరు బుట్టలైంది. ఒక్కరూ నోరెత్తలేదు. ఎత్తబోతే, "మళ్లీ పసిపిల్లల్ని చంపుతారా?" అని అడవి వాళ్లే నోరు మూయించారు. చిత్తరయ్య ఒక్క మాటైనా ఖర్చు పెట్టనక్కర్లేకపోయింది.

పోలయ్య మాత్రం వెళ్లి గడ్డిదొడ్డి గుమ్మం ముందు పడుకున్నాడు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నవ్వారు. గుమ్మం వెడల్పు, ఎద్దు ఒక్కటి. గడ్డికొచ్చేవాళ్లు పక్క నుంచి పోతూనే ఉన్నారు. గంగులు తల వంచుకుని పోయేది. కుందేలు అతని తోక మీదుగా దూకి పోయేది. చిత్తరయ్య కంప మీద నుంచి తొంగి చూసి అన్నాడు, "ఆరోజు వీళ్లందరితో కలిసి ఇక్కడే పడుకుని ఉంటే నేను దిగొచ్చేవాణ్ణే బావా. ఇప్పుడు నువ్వు వట్టి బండరాయివి. చాప వేయించమంటావా?"

పోలయ్య అక్కడే ఉండిపోయాడు. పక్కటెముకలు లెక్కకొస్తున్నాయి. ఎండుటాకులు గాలికి కొట్టుకొస్తే అవే నమిలేవాడు. పొద్దెక్కాక ఎవరైనా వచ్చి పక్కన కూర్చుంటారేమోనని చెవులు నిక్కించేవాడు. పొద్దు వాలాక దించేవాడు.

ఒక సాయంత్రం చుక్కమ్మ వచ్చింది. ఆమెకూ తిండి కావాలి కదా. నోట బుట్ట కరుచుకుని ఉంది. సరిగ్గా అతని ముందుకొచ్చి ఆగింది. పోలయ్య తడబడుతూ లేచి, పక్కకు జరిగి దారిచ్చాడు. ఆమె గడ్డివాముల వైపు చూసింది, అతని వైపు చూసింది. లోపలికి వెళ్లలేదు, పక్కన కూర్చోనూ లేదు. బుట్ట అలాగే పట్టుకుని, వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోయింది.

ఆమె కనుమరుగయ్యేదాకా చూసి, పోలయ్య మళ్లీ గుమ్మానికి అడ్డంగా పడుకున్నాడు. కంప వెనక చిత్తరయ్య కొత్త వాము వేయిస్తున్నాడు.

నీతి: కోపం న్యాయమైనదే అయినా గురి తప్పితే, దోచినవాడు నిలుస్తాడు, అడిగినవాడు ఒంటరవుతాడు.