కింది గుర్తు

నాది ఎవరికీ శ్రమ ఇవ్వని స్వభావం. ఇంజిన్‌లో పై పుల్లీనీ కింది పుల్లీనీ జతగా తిప్పే టైమింగ్ బెల్టు ఎక్కించేటప్పుడు వాటి మీద కంపెనీవాళ్లు కొట్టిపెట్టిన గుర్తులను కూడా శ్రమ పెట్టను. కంటి అందాజుతో బిగించేస్తాను. ఇంత మొహమాటం ఉన్న మెకానిక్ ప్రొద్దుటూరులో ఇంకొకడు లేడు.

ఆ అందాజుతోనే మా ఉస్తాద్ దాదాపీర్ కారుకు కొత్త బెల్టు వేశాను. స్టార్ట్ కాలేదు.

ఉస్తాద్ భార్య హుస్సేన్‌బీ అమ్మ కాలం చేసి నెల దాటింది. ఆమె కోరినట్టే పుట్టిన ఊళ్లో మట్టి చేశారు. ఆ రోజు గోరీ దగ్గర నలభయ్యో దినం ఫాతిహా చదవాలి. పొద్దు వాలేలోపు ఉస్తాద్ అక్కడ ఉండాలి. ఆ ఊరికి బస్సు లేదు.

సెల్ఫ్ కొట్టాను. గర్‌గర్‌మంది, అంతే. ప్లగ్గులు మార్చాను. పెట్రోలు పంపును తిట్టాను. బ్యాటరీ పుట్టుకనే అనుమానించాను. మళ్లీ సెల్ఫ్ కొట్టాను.

ఉస్తాద్ ఉతికిన తెల్లబట్టలు వేసుకుని, పూల పొట్లం ఒళ్లో పెట్టుకుని, షెడ్డులో స్టూలు మీద కూర్చున్నాడు. షెడ్డు వెనక ఉస్తాద్ ఇంట్లోంచి టీ వచ్చే వేళయింది. రాలేదు. ఇద్దరం ఒకసారి వంటింటి వైపు చూసి, చూడనట్టు తల తిప్పుకున్నాం.

"ఏంరా ఓబులేసూ, ఎంతసేపు కొడతావు సెల్ఫు?"

"బ్యాటరీ డౌను ఉస్తాద్. నా పని మాత్రం పక్కాగా ఉండాది."

"అది సెల్ఫ్ డబ్బా. నేనడిగింది సెల్ఫు."

లేచి వచ్చి బ్యాటరీ వైరు పీకేశాడు. పానా నా చేతిలో పెట్టాడు.

"చేత్తో తిప్పు. నిదానంగా."

ప్లగ్గులు ఊడదీసి, కింది పుల్లీని పానాతో తిప్పాను. పై పుల్లీ గుర్తు వచ్చి దాని గాడి ముందు చక్కగా నిలబడింది.

"సూడండి ఉస్తాద్! నూటికి నూరు!"

"కిందిది?"

కిందిది నేను చూడలేదు. మడ్డి పట్టి ఉంది. ఉస్తాద్ వంగి, తెల్లచొక్కా కొసతో ఆ మడ్డి తుడిచాడు. కింది గుర్తు తన చోటికి రాకుండా ఎక్కడో పక్కన నిలబడి ఉంది.

"రెండూ ఒకసారి రావాల్రా" అన్నాడు. "ఒకటి ముందు పోతే ఇంకోటి ఉత్తినే తిరుగుతాంటాది."

అన్నాక ఆ చొక్కా కొస వదల్లేదు.

నేను బెల్టు విప్పాను. పైదీ కిందిదీ కలిపి, చేత్తో తిప్పి, మళ్లీ చూసి, బిగించి, ప్లగ్గులూ బ్యాటరీ వైరూ తిరిగి పెట్టాను. ఈసారి సెల్ఫ్ కొట్టగానే ఇంజిన్ అందుకుంది.

ఉస్తాద్ పూల పొట్లం ముందు సీట్లో పెట్టాడు. ఏమనుకున్నాడో, తీసి వెనక సీట్లోకి మార్చాడు. స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఖాళీ సీటు వైపు తలుపు తెరిచే ఉంది. నా వైపు చూశాడు.

"దారిలో ఇంజిన్ వేడి చూసుకోండి ఉస్తాద్" అని ఆ తలుపు నేనే మూశాను.

కారు మైదుకూరు రోడ్డు ఎక్కి కనుమరుగైంది.

గుర్తులు కలపడం నాకు ఆ రోజే వచ్చింది. "నేనూ వస్తా ఉస్తాద్" అనే ఒక్క మాట మాత్రం ఇప్పటికీ రాలేదు.