చెంగల్రాయుడు గారి దాహం

"ఎవరికి ఏమవబోతోందో ఆ తెరే ముందుగా చెప్పేస్తుంటే, ఇక మనం చేసేదేముంది మేడమ్?" అని అడిగింది కొత్తగా చేరిన నర్సు సువార్త.

యశోధరమ్మ గారు ఎంతోమంది నర్సులకు పని నేర్పిన మనిషి. ప్రశ్న అడిగితే కూర్చుని జవాబు చెప్పరు. లేచి నడుస్తారు, అడిగినవాళ్ళు వెంట నడవాలి. ఆ రోజూ "పద" అని లేచారు.

మదనపల్లె శివార్లలోని ఆ సంరక్షణ గృహంలో, ఒకరు పట్టుకుంటే తప్ప నడవలేని పెద్దవాళ్ళు ఏళ్ళ తరబడి ఉంటారు. అక్కడ కొత్తగా కృత్రిమ మేధను పెట్టారు. కాళ్ళూ చేతులూ ఉన్న మరమనిషి అనుకునేరు, అది కాదు. పరుపుల కింద పలచటి పట్టీలు, బాత్రూము తలుపులకు చిన్న బిళ్ళలు, అంతే. ఎవరు ఎంతసేపు పడుకున్నారో, ఎప్పుడు లేచారో అవి పంపుతుంటే, ఒక్కొక్కరి అలవాటునూ అది నేర్చుకుంటుంది. అలవాటులో వెంట్రుకవాసి తేడా వచ్చినా పసిగట్టి, నర్సుల గదిలోని తెర మీద చూపిస్తుంది. విసుగన్నది ఎరగదు.

ఆ పొద్దున అది రైల్వే గార్డుగా చేసి రిటైరైన చెంగల్రాయుడు గారి పేరు చూపించింది. ఆయన బాత్రూముకు లేవడం బాగా తగ్గిందనీ, ఒంట్లో నీరు తగ్గుతున్నట్టుందనీ, పడిపోయే ప్రమాదముందనీ చెప్పింది. సువార్త మాత్రం అన్నాళ్ళూ, పాపం హాయిగా పడుకుంటున్నారు కదా అనుకుంటూ ఉంది. ఇలాగే ఉంటే, పడిపోకుండా మూత్రానికి గొట్టం వేసి మంచం దిగనివ్వకూడదన్నారు డాక్టరు గారు. రైలు కూత వినడానికి రోజూ ఒకరి ఆసరాతో వరండా దాకా నడిచే మనిషికి అంతకన్నా శిక్ష లేదు.

"ఎలా ఉన్నారు తాతయ్యా?" అంది సువార్త.

"నాకేం తల్లీ, రాయిలా ఉన్నా."

"రాయికి దాహం వెయ్యదు లెండి" అని యశోధరమ్మ గారు కుర్చీ లాక్కుని, నీళ్ళు తెమ్మని సువార్తను పంపారు.

గ్లాసుతో తిరిగొచ్చిన సువార్త కర్టెను అవతలే ఆగిపోయింది. లోపల చెంగల్రాయుడు గారు గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు.

"ముందు నన్ను చూసుకున్న వార్డుబాయ్ శివయ్యనైతే, రేయ్ పట్టుకోరా అంటే సరిపోయేది. ఈ బిడ్డ వచ్చిన రోజే నన్ను తాతయ్యా అనేసింది. మనవరాలిని పట్టుకుని, నన్ను బాత్రూముకు తీసుకుపో అని ఏ నోటితో అడిగేది అమ్మగారూ? నీళ్ళు తాగకుంటే ఆ బాధే లేదు గదా."

సువార్త లోపలికి వెళ్ళకుండా గ్లాసును కిటికీ గట్టు మీద పెట్టేసింది. ఆ పిలుపు ప్రేమతో పిలిచిందే.

మర్నాటి నుంచి ఆయన గదికి మళ్ళీ శివయ్యే వచ్చాడు. ఆయన లేస్తున్నారనీ, తిరుగుతున్నారనీ తెర చెప్పింది. డాక్టరు గారు గొట్టం మాట మళ్ళీ ఎత్తలేదు. సువార్త వెళ్ళి నీళ్ళిస్తే చెంగల్రాయుడు గారు గటగటా తాగి, "ఇంకో గ్లాసు పొయ్యి తల్లీ" అన్నారు.

వసారాలోకి వచ్చాక సువార్త ఉండబట్టలేక అడిగింది. "అది చెప్పకపోయుంటే మేడమ్?"

"మనం ఆయన మాట నమ్మి ఊరుకునేవాళ్ళం. దానికి మొహమాటం లేదు, అదే దాని గొప్ప. ఆయనకు ఉంది" అన్నారు యశోధరమ్మ గారు. రెండడుగులు వేసి ఆగారు. "దానికీ ఆయనకూ మధ్యలో ఎవరో ఒకరు ఉండాలి కదమ్మా."