గడ్డి ఆగిపోయిన చోటు

ఒకప్పుడు గడ్డికీ పొదలకీ మధ్య హద్దనేదే ఉండేది కాదు. ఎవరికి ఎక్కడ తోస్తే అక్కడ మొలిచేవాళ్లు. పొద కాళ్ల దగ్గర గడ్డి, గడ్డి ఒళ్లో పొద. మేతకొచ్చిన మేకలు ఎటు మూతి పెట్టాలో తెలియక తికమకపడేవి.

ఆ రోజుల్లో ఒక గుట్ట కింద బోదమ్మ అనే గడ్డి ఉండేది. నిలువెత్తు గడ్డి. నోరు కాస్త పెద్దదే గానీ మనసు మంచిది. దాని పక్కనే బలుసమ్మ అనే ముళ్ల పొద. ఇద్దరూ అక్కాచెల్లెళ్లలా కలిసిమెలిసి ఉండేవాళ్లు.

బలుసమ్మ ఎన్నో ఏళ్లు ఎదురుచూసి, ఒక ఏడు తొలిసారిగా కాసింది. పండ్లు రాలాయి. గింజలు బోదమ్మ నీడలో పడి, బుల్లి బుల్లి మొలకలు లేచాయి.

"అక్కా, నా పిల్లోళ్లు నీ ఒళ్లో ఉండారు. నేను వంగి చూసుకోలేను. రవ్వంత కనిపెట్టుకో," అంది బలుసమ్మ.

"నీ పిల్లోళ్లేంది, నా పిల్లోళ్లు కాదా? నువ్వు దిగులు పెట్టుకోవాకు," అంది బోదమ్మ.

అన్నట్టే వాళ్లకి ఎండ తగలకుండా కప్పింది. మేకల కంట పడకుండా దాచింది. గాలి వీస్తే ఊగుతూ జోకొట్టింది. ఆ మొలకలంటే దానికి ప్రాణం.

ఎండాకాలం చివరికొచ్చింది. బోదమ్మ ఎండిపోయి గరగరలాడుతోంది. ఏటా ఆ వేళకి గొర్రెల కాపరి ఈరప్ప నిప్పు పట్టుకుని వచ్చేవాడు. పాత గడ్డి కాలిస్తే తొలకరికి గొర్రెలకి లేత పచ్చిక లేస్తుంది మరి. నిప్పు పెట్టే ముందు కర్రతో గడ్డిని తడుతూ, "లేయండి, లేయండి, అగ్గి పెడతాండా!" అని కేకలేసేవాడు. పూరేడు పిట్టలు ఎగిరిపోయేవి. కుందేళ్లు పరుగందుకునేవి. లోపల ఒక్క ప్రాణి మిగిలినా అగ్గి పెట్టకూడదని కాపర్ల ఆచారం.

ఆ ఏడూ కేకలేశాడు. "అమ్మా బోదమ్మా, అందురూ లేచిపోయినారా?"

"పోయినారులే. పెట్టు నాయనా, ఒళ్లంతా ఒకటే దురద."

బలుసమ్మ కేక పెట్టింది. "అక్కా! నా పిల్లోళ్లు!"

బోదమ్మ నవ్వేసింది. "పిచ్చిదానా, నేను ఏటా కాల్తాండా గదా, నాకేమైంది? నాలుగు చినుకులు పడితే లేచి కూచుంటా. వాళ్లూ అంతే."

బోదమ్మ ప్రాణం నేల కింద వేళ్లలో ఉండేది. అందరికీ అలాగే ఉంటుందనుకుంది, పాపం.

ఈరప్ప బోదమ్మ మాట నమ్మి నిప్పు పెట్టాడు. మంట రేగింది. బలుసమ్మ పెద్ద పొద కాబట్టి కింది కొమ్మలు మాడినా బతికి బయటపడింది.

"వాన రానీ చెల్లీ, నువ్వే చూస్తావు," అంది బోదమ్మ నల్లటి నేల కింది నుంచి.

వాన వచ్చింది. బోదమ్మ పచ్చగా లేచి, ముందు తన ఒళ్లోకే చూసుకుంది. నల్లటి పుల్లలు నిలబడి ఉన్నాయి.

"లేయండి నాయనా, వానొచ్చింది," అంది.

ఎవరూ లేవలేదు. ఇంకో వాన పడితే లేస్తారేమోనని చూసింది. ఆ వానకి పుల్లలు నాని, విరిగి, బురదలో కలిసిపోయాయి.

బలుసమ్మ ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే బోదమ్మకి కాస్త తేలికయ్యేది.

"నీ ప్రాణం వేళ్లలో ఉంటాది అక్కా. నా బిడ్డలకి చిగుర్లో ఉండె," అని మాత్రం అంది.

బోదమ్మ కుళ్లి కుళ్లి ఏడ్చింది.

మళ్లీ బలుసమ్మ కాసింది. మళ్లీ గింజలు రాలాయి. నీడనివ్వబోయి బోదమ్మ ఆగిపోయింది. నిప్పు వచ్చేది తనకోసమే. తను ఎక్కడుంటే అక్కడికి వస్తుంది. ఒక్కో వేరునీ పీక్కుంటూ వెనక్కి జరగడం మొదలుపెట్టింది.

"అక్కా, యాడికి పోతాండావు?"

"యాడికీ పోను. నువ్వు కనపడేంత దూరంలోనే ఉంటా."

ఆ ఎండాకాలం మంట బోదమ్మను కాల్చుకుంటూ వచ్చి, ఒట్టి నేల దగ్గర తినడానికేమీ దొరక్క చచ్చిపోయింది. నీడ లేక కొన్ని మొలకలు ఎండకి మాడిపోయాయి. మిగిలినవి పెరిగి పొదలయ్యాయి. బోదమ్మ ఒడి ఎలా ఉంటుందో వాటికి తెలియదు.

అప్పటినుంచే గడ్డి పొదల దాకా వచ్చి ఆగిపోతుంది. రెంటికీ నడుమ ఒట్టి మట్టి కనిపిస్తుంది. గాలి వీచినప్పుడల్లా గడ్డి పొదల వైపు వంగి చూస్తుంది గానీ, ఆ మట్టి దాటి ఒక్క పరక కూడా అటు మొలవదు.