వెల్లంకి గారి కింది పొర

ఒక విశ్వవిద్యాలయపు భూగర్భశాస్త్ర విభాగంలో శిలాజాలపై పరిశోధన చేసే చక్రధర్ అనే యువకుడు రాళ్ళను ఎంత ఓపికగా చదివేవాడో, ఇతరుల వ్యాసాలను అంత తొందరగా దాటేసేవాడు.

గోదావరి ఉపనది లోయలోని ఒక సున్నపురాయి క్వారీలో దొరికిన పురాతన చేప పొలుసులు అతని పరిశోధన విషయం. సన్నని సూదితో, మెత్తని కుంచెతో రాతి నుంచి ఒక్క పొలుసును విడదీయడానికి రోజుల తరబడి కూర్చునేవాడు. అందులో అతన్ని తప్పుపట్టేవారు లేరు. కానీ థీసిస్ రాసేటప్పుడు ఆ ఓపిక ఎటో పోయేది. ఎవరో రాసిన వ్యాసం చివరి పేజీలు తెరిచి, అక్కడున్న పాత రచనల పేర్లను తన రాతలోకి ఎత్తుకునేవాడు. అసలు రచన ఎలా ఉంటుందో కూడా చూసేవాడు కాదు.

అతని స్నేహితురాలు సుభాషిణి గ్రంథాలయ శాస్త్రంలో పరిశోధన చేస్తూ ఉండేది. ఎవరు ఎవరి మాటను ఉదహరించారు, ఆ మాట ఒకరి నుంచి ఒకరికి ఎలా చేరింది అన్నది ఆమె పరిశోధన. ఒకరోజు క్యాంటీన్‌లో చక్రధర్ థీసిస్ తిరగేస్తూ ఆమె ఒక పేరు దగ్గర ఆగింది.

"ఈ వెల్లంకి గారి వ్యాసం చదివావా?" అంది.

"అందరూ ఉదహరించారుగా!" అన్నాడు చక్రధర్.

"అందరి సంగతి కాదు బాబూ, నీ సంగతి అడుగుతున్నాను."

"తల్లీ, అన్నీ చదువుతూ కూర్చుంటే నేనే శిలాజమైపోతాను."

అదే బల్ల దగ్గర, సినిమాకు అసలు కర్త ఎవరన్న విషయంపై పరిశోధించే మిత్రుడొకడు టీ తాగుతున్నాడు. "సినిమా చూడకుండా సమీక్ష రాసేవాళ్ళు మా దగ్గరే ఉన్నారనుకున్నాను. మీ దగ్గరా ఉన్నారా? ప్రాణం లేచొచ్చింది" అన్నాడు. అందరూ నవ్వారు. చక్రధర్ కూడా నవ్వాడు. థీసిస్ మాత్రం అలాగే సమర్పించాడు.

ఆ థీసిస్‌కు వెన్నెముక ఒకే ఒక్క వాదన. క్వారీలో రెండు పొరలున్నాయి. కిందిది పాతది, పైది కొత్తది. పైపొరలో చక్రధర్‌కు చేప పొలుసులు దొరికాయి. కింది పొరలో ఆ చేప లేదని వెల్లంకి గారు ఏనాడో నిరూపించారని పుస్తకాలన్నీ చెబుతున్నాయి. కాబట్టి ఆ చేప లోయలోకి ఆలస్యంగా వచ్చిందని అతను తేల్చాడు. లేదని నిరూపణ అయినచోట మళ్ళీ తవ్వడమెందుకని కింది పొర జోలికి పోలేదు.

వైవా రోజు వచ్చింది. అది బహిరంగ పరీక్ష. నోటీసు బోర్డు చూసి ఎవరైనా రావచ్చు, ఎవరైనా ప్రశ్నించవచ్చు. ఆనవాయితీ ప్రకారం మిఠాయి పెట్టెలు, సమోసాలు ముందే తెచ్చి పక్కగదిలో పెట్టారు. మరుసటి నెలలో ఒక కళాశాలలో అధ్యాపకుడి ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది. ఈ డిగ్రీ చేతికొస్తే ఆ ఉద్యోగం దాదాపు ఖాయమని చక్రధర్ ఆశ.

అతను చక్కగా మాట్లాడాడు. "కీర్తిశేషులైన వెల్లంకి గారు ఈ విషయాన్ని నిస్సందేహంగా నిరూపించారు. ఆయన కృషికి మనమంతా రుణపడి ఉన్నాం" అన్నాడు.

మూడో వరుసలో కూర్చున్న ఒక పెద్దావిడ చెయ్యెత్తి లేచింది. నేత చీర, మందపాటి కళ్ళద్దాలు, చేతిలో గొడుగు.

"చిన్న సందేహం నాయనా. వెల్లంకి గారు ఎప్పుడు పోయారు?"

"సరిగ్గా తెలియదండీ. వ్యాసం వచ్చి నలభై ఏళ్ళు దాటింది కాబట్టి..."

"కాబట్టి పోయి ఉంటారని! శిలాజాల వాళ్ళకు అలా అనిపించడం సహజమే. నేనే వెల్లంకి హైమవతిని. పొద్దున ఇడ్లీ తిని, ఆటోలో వచ్చాను."

హాలంతా గొల్లుమంది. చక్రధర్ చేతిలోని స్లైడ్ల రిమోట్ జారి కింద పడింది.

"నన్ను మగవాణ్ణి చేశావు, ఆపైన చంపేశావు. రెండింటికీ నేనేమీ అనుకోను" అంది హైమవతి. "కింది పొరలో చేప లేదని నేనెక్కడ నిరూపించానో అది మాత్రం చెప్పు."

"మీ వ్యాసంలోనే మేడమ్."

"అందులో ఎక్కడ?"

చక్రధర్ తన గైడు సదాశివరావు గారి వైపు చూశాడు. ఆయన తలెత్తి ఫ్యాను వైపు చూశారు.

"నేను మీ వ్యాసం చదవలేదమ్మా" అన్నాడు చక్రధర్.

హైమవతి మెల్లగా కూర్చుంది. "ఆ ఏడు వానలు విడవలేదు. క్వారీ గుంట నిండా నీళ్ళు. కింది పొర చూడలేకపోయాను, చూసినవారే ఈ సంగతి తేల్చాలి అని రాశాను. ఎవరో ఒకరు వెళ్ళి చూస్తారని ఇన్నేళ్ళుగా ఎదురుచూస్తున్నాను. నోటీసులో క్వారీ పేరు కనిపించగానే, చూసినవాడు వచ్చాడనుకుని పరుగున వచ్చాను."

బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు కాస్త ఆలోచించి రెండు దారులు చూపాడు. ఆ వాదన ఉన్న చివరి అధ్యాయాన్ని తీసేస్తే, మిగిలినదానికే డిగ్రీ సిఫారసు చేస్తానన్నాడు. లేకపోతే కింది పొర పరిశీలించి మళ్ళీ రావచ్చన్నాడు.

పక్కగదిలో మిఠాయిలు అలాగే ఉన్నాయి. వాటిని ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. "పంచండర్రా, తప్పు బయటపడిన రోజు కూడా మంచిరోజే" అని హైమవతి తనే ఒక లడ్డూ తీసుకుంది.

ఆ సాయంత్రం సదాశివరావు గారు చక్రధర్‌ను పిలిచి నచ్చజెప్పారు. "ఆ అధ్యాయం తీసెయ్యవయ్యా. డిగ్రీ తీసుకో, ఇంటర్వ్యూకి వెళ్ళు. ఉద్యోగం వచ్చాక తీరిగ్గా తవ్వుకుందువు గాని." ఆయన శిష్యుడి మేలు కోరే అలా చెప్పారు.

చక్రధర్‌కు ఆ మాట బాగానే అనిపించింది. అయినా మర్నాడు గ్రంథాలయానికి వెళ్ళి, సుభాషిణి సాయంతో ఆ పాత వ్యాసాన్ని మొదటిసారి చదివాడు. హైమవతి చెప్పిన వాక్యం చెప్పినట్టే ఉంది. దాని కింద, బండలు పైకెత్తి ఇచ్చిన క్వారీ కార్మికులకు ఆమె పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పుకుంది.

తరువాత ఇద్దరూ ఆ మాట నడిచిన దారి వెతికారు. వెల్లంకి చూడలేకపోయానన్నారు. ఆమెను ఉదహరించిన మొదటి రచయిత, కింది పొరలో వెల్లంకికి పొలుసులు దొరకలేదని రాశాడు. అతన్ని చూసి రాసినవాడు, అక్కడ పొలుసులు లేవన్నాడు. ఆ తరువాతివాడు, లేవని వెల్లంకి నిరూపించారన్నాడు. ఎవరూ పెద్ద అబద్ధం ఆడలేదు. తలా కాస్త సందేహాన్ని మాత్రం చెరిపేశారు.

"ఈ వరసలో చివరివాడివి నువ్వు" అంది సుభాషిణి.

"అధ్యాయం తీసేస్తే ఈ వరసలోంచి నా పేరు పోతుందిగా?"

"నీ పేరు పోతుంది. ఆవిడ పేరు మీద ఉన్న అబద్ధం మాత్రం ఉంటుంది. రేపు ఇంకొకడు దాన్ని ఎత్తుకుంటాడు."

చక్రధర్ ఆ పాత వ్యాసాన్ని మూసి పక్కన పెట్టాడు. తరువాత లేచి, హైమవతి ఇంటికి దారి కనుక్కున్నాడు.

"అమ్మా, మీరు చూడలేకపోయిన చోటు నాకు చూపిస్తారా?" అని గుమ్మంలోనే అడిగాడు.

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "మోకాళ్ళు ఒప్పుకోవు. వాటి మాట నేనెప్పుడు విన్నాను గనక! ఒక మడత కుర్చీ తీసుకురా" అంది.

ఎండలు ముదిరి క్వారీ గుంట ఎండిపోయింది. హైమవతి గట్టు మీద గొడుగు కింద కూర్చుని చోటు చూపేది. చక్రధర్ గుంటలోకి దిగి బండలు పగలగొట్టేవాడు. ఇంటర్వ్యూ తేదీ వచ్చి వెళ్ళిపోయింది. ఆ ఉద్యోగం మరొకరికి దక్కింది. ఆ వార్త తెలిసిన రోజున అతను అన్నం సరిగా తినలేదు. మర్నాడు మళ్ళీ సుత్తి పట్టుకున్నాడు.

ఒక ఉదయం కింది పొర నుంచి తీసిన పలక మీద ఏదో తళుక్కుమంది. గోధుమ రంగులో, గోరంత పొలుసు. చక్రధర్ దాన్ని రెండు చేతులతో పట్టుకుని గట్టెక్కాడు. హైమవతి భూతద్దంలోంచి చాలాసేపు చూసింది.

"అదేనా అమ్మా?"

"అదే నాయనా. ఉందో లేదో తెలియకుండానే పోతాననుకున్నాను."

"మరి నా వాదన పోయిందండీ. చేప ఆలస్యంగా రాలేదు, ముందునుంచీ ఇక్కడే ఉంది."

"పోతే పోయింది! చేప దొరికిందిగా!" అని ఆమె పకపకా నవ్వింది. చక్రధర్ వంగి ఆమె పాదాలకు నమస్కరించాడు. ఆమె అతని తల మీద చెయ్యి పెట్టి, "కృతజ్ఞతలు నీకే నేను చెప్పుకోవాలి" అంది.

మరుసటి ఏడు చక్రధర్ మళ్ళీ వైవాకు నిలబడ్డాడు. తన పాత వాదన ఎలా తప్పయిందో ముందుగా తనే వివరించాడు. ఈసారి అతను పేర్కొన్న రచనలు మునుపటికన్నా బాగా తక్కువ. వాటిలో ప్రతిదాన్నీ అతను మొదటి నుంచి చివరిదాకా చదివాడు.

పరీక్షకుడు చివరగా ఒక ప్రశ్న వేశాడు. "ఈ కింది పొరకు ఇంకా కింద ఆ చేప ఉందంటారా, లేదంటారా?"

"అక్కడిదాకా నేను తవ్వలేదండీ. చూసినవారే తేల్చాలి" అన్నాడు చక్రధర్.

మూడో వరుసలోంచి చప్పట్లు మొదలయ్యాయి. చక్రధర్‌కు డిగ్రీ వచ్చింది.

నీతి: మనకంటే ముందు శ్రమించినవారి పేరు చెప్పుకుంటే చాలదు, వారు నిజంగా ఏం చెప్పారో, ఎక్కడ ఆగిపోయారో స్వయంగా తెలుసుకుని, అక్కడి నుంచి పని కొనసాగించడమే వారికి మనం చూపగల నిజమైన కృతజ్ఞత.