మైలమ సేనాని, తొందరగా మోగిన నగారా

అనగనగా కొండల నడుమ మేఘగిరి అనే రాజ్యం ఉండేదట. అక్కడ ఒక వింత ఆచారం. దసరా నాడు ఆయుధాలకు పూజ చేసి, పసుపు తోరాలు కట్టి, కోటలో భద్రంగా దాచేవారు. శత్రువు పొలిమేర దాటకముందే ఆ తోరం విప్పితే అమ్మవారికి కోపం వస్తుందని నమ్మకం. అందాకా సైనికులందరూ ఊళ్ళలో సేద్యం చేసుకునేవారు.

పక్కనున్న నీలగుండం రాజ్యానిదీ ఇదే ఆచారం. ఉగ్రదంతుడనే రాజు దండెత్తి వచ్చి దాన్ని కాస్తా మింగేశాడు. నీలగుండం సేనాని మైలమ గాయాలతో తప్పించుకుని, మేఘగిరి రాజు కేతరాజును శరణు కోరింది.

"మీ సైనికులు అంత పిరికివాళ్ళా అమ్మా?" అని అడిగాడు ముసలి మంత్రి బేతన. ఆయన నోటికి తొందరెక్కువ.

మైలమ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పిరికివాళ్ళు కారయ్యా, దారిలో ఉన్నారు. శత్రువు గుర్రాలకు మేత పోగుచేసినప్పుడే సేనను పిలవమన్నాను. మా రాజు వినలేదు. ఏటి మీద వంతెన కట్టినప్పుడు మళ్ళీ అడిగాను. వినలేదు. శత్రువు పొలిమేర దాటాక నగారా మోగించారు. మావాళ్ళు ఊళ్ళ నుంచి వచ్చేలోగా కోట కూలింది. మేతనాడే పిలిచి ఉంటే నాకీరోజు ఒక దేశం ఉండేది."

అంతలో వేగులవాడు సభలోకి పరుగున వచ్చాడు.

"ప్రభూ! ఉగ్రదంతుడి మనుషులు ఊరూరా తిరిగి గడ్డి పోగుచేస్తున్నారు."

మంత్రి నవ్వాడు. "గడ్డిని చూసి యుద్ధానికి లేస్తామా ప్రభూ? అసలే కోతల కాలం. పైగా అమ్మవారి ఆగ్రహం!"

నిజం చెప్పొద్దూ, కేతరాజుకూ భయమే. అయినా లేచి వెళ్ళి తన కత్తికున్న తోరం తానే విప్పాడు.

"కోపం వస్తే నా మీదే రానీ. బిడ్డలను కాపాడుకుంటుంటే ఏ తల్లీ కోప్పడదు. నగారా మోగించండి!"

సైనికులు సణుక్కుంటూనే వచ్చారు. చెల్లాచెదురైన నీలగుండం వీరులూ ఆ మోత విని పరుగెత్తుకొచ్చారు. "ఈసారి ముందే వచ్చాం తల్లీ!" అని మైలమ ముందు మోకరిల్లారు. పొలాల్లో ఆడవాళ్ళు, ముసలివాళ్ళు కోతలు కోశారు. మంత్రిగారు కూడా కొడవలి పట్టి, ముందుగా తన వేలే కోసుకున్నారు.

మేఘగిరికి ఉన్నది ఒకే ఒక్క కొండదారి. అది ఖాళీగా ఉంటుందనుకుని ఉగ్రదంతుడు బాకాలు ఊదించుకుంటూ వచ్చాడు. చూస్తే కొండ నిండా ఈటెలే! గుర్రాలను తోలాడు, బెదిరి వెనక్కి మళ్ళాయి. ఏనుగులను తోలాడు, పైనుంచి దొర్లిన బండలకు అవీ పారిపోయాయి. మూడోసారి తానే కత్తి దూసి వచ్చి, మైలమ చేతికి చిక్కాడు.

కొండలు జయజయధ్వానాలతో దద్దరిల్లాయి. ఉగ్రదంతుడు ప్రాణభిక్ష కోరి, నీలగుండాన్ని వదిలి వెళ్ళిపోయాడు. మైలమ తన కోట బురుజెక్కి తన జెండా ఎగరేసింది. కింద జనం ఆనందంతో గంతులేస్తుంటే, ఆమె నవ్వుతూనే వెక్కివెక్కి ఏడ్చింది.

ఆపద గుమ్మంలోకి వచ్చాక చూపే ధైర్యం కన్నా, అది బయలుదేరినప్పుడే చేసుకున్న సన్నాహమే దేశాన్ని కాపాడుతుంది.