భీమశంకరం గారి ఎర్ర కారు

పోయినవాళ్ళ గురించి ఎవరైనా అడిగితే శాంతబోధ స్వామి ఆశ్రమంలో జవాబు చెప్పేవారు కాదు. "మీ ఇంటికి వస్తాను, అక్కడ అడుగు" అనేవారు. విశాఖపట్నంలో ఇంజనీరుగా పనిచేసి రిటైరైన మార్కండేయులుతోనూ అదే అన్నారు. అతను అడిగింది చిన్న ప్రశ్నే: "పోయినవాళ్ళకి మనం చేయగలిగింది ఏమిటి స్వామీ?"

స్వామి వచ్చిన ఉదయం మార్కండేయులు ఆయన్ని నేరుగా షెడ్డులోకి తీసుకెళ్ళి, గుడ్డ తొలగించి, తన అన్న భీమశంకరం కారు చూపించాడు. రెండే సీట్లు, పైకప్పు లేని పాతకాలపు స్పోర్ట్స్ కారు. భీమశంకరం గుండెపోటుతో పోయాక అది ఏళ్ళ తరబడి సముద్రపు గాలికి తుప్పు పట్టింది. మార్కండేయులు దాన్ని పూర్తిగా ఊడదీసి, పాడైన రేకు కోసి కొత్తది అతికించి, దొరకని భాగాలు లేతు మిషను మీద చేయించి, అన్న నాటి ఎరుపే మళ్ళీ వేయించాడు. అప్పుడప్పుడూ ఇంజను స్టార్టు చేసి, కళ్ళు మూసుకుని ఆ చప్పుడు విని, ఆపేసేవాడు. గేటు మాత్రం దాటించలేదు. కారు మీద గీత పడితే అన్న ఒంటి మీద పడినట్టే అనిపించేది.

"ఇంత చేశాను స్వామీ. దుఃఖం ఎక్కడిదక్కడే ఉంది."

అప్పటికి, అదే ఇంట్లో ఉంటున్న భీమశంకరం భార్య ఇందుమతి కాఫీ గ్లాసులతో షెడ్డు బయటే నిలబడి ఉంది. స్వామి లోపలికి రమ్మన్నారు.

"చేతులు తడిగా ఉన్నాయి స్వామీ. రంగు మీద మరకలు పడతాయని మరిదిగారికి భయం."

ఆ మాట ఎప్పుడో తనే అన్నట్టు మార్కండేయులుకి గుర్తొచ్చింది. తల దించుకున్నాడు.

"మీవారు ఇందులో మిమ్మల్ని ఎక్కడికి తీసుకెళ్ళేవారమ్మా?" అని అడిగారు స్వామి.

"ఆయన తీసుకెళ్ళడమా? నేనే నడిపేదాన్ని. పక్కన కూర్చుని తప్పులు పట్టేవారు."

మార్కండేయులుకి ఈ సంగతి తెలియదు. ఆ రోజుల్లో అతను వేరే ఊళ్ళో ఉద్యోగంలో ఉన్నాడు. తెలుసుకోవాలని తర్వాతా అడగలేదు. జేబులోంచి తాళంచెవి తీశాడు. అది ఆవిడకి అందిస్తూ, "నడుపుతారా వదినా?" అన్నాడు.

ఆవిడ స్టీరింగు పట్టుకుంది. అతను పక్క సీట్లో కూర్చున్నాడు. గేరు కరకరలాడింది. గేటు దాటేటప్పుడు మడ్‌గార్డు స్తంభానికి రాసుకుని ఎర్రరంగు లేచిపోయింది. ఇందుమతి బెదిరి బ్రేకు వేసింది. మార్కండేయులు తొంగి ఆ గీత చూశాడు. అయినా, "ఆగకండి వదినా, పోనివ్వండి" అన్నాడు.

భీమిలి రోడ్డెక్కాక సముద్రపు గాలి ముఖాలకు కొట్టింది. ఒక మలుపు దగ్గర, "ఇక్కడే మీ అన్నయ్య టోపీ ఎగిరిపోయింది. దానికోసం ఇసుకలో పరిగెత్తి బోర్లాపడ్డారు" అంటూ ఆవిడ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. అతనూ ఆపుకోలేకపోయాడు. భీమశంకరం పోయాక వాళ్ళిద్దరూ కలిసి ఆయన పేరు తలుచుకోవడం అదే మొదలు.

వాళ్ళు తిరిగొచ్చేసరికి స్వామి బయల్దేరడానికి సిద్ధంగా వరండాలో నిలబడి ఉన్నారు. మార్కండేయులు దగ్గరికెళ్ళి, తన ప్రశ్నకు జవాబు ఇంకా రాలేదని మెల్లగా గుర్తుచేశాడు.

"పోయినవాళ్ళ సంగతి నాకూ తెలియదు నాయనా," అన్నారు స్వామి చెప్పులు తొడుక్కుంటూ. "రేపు ఎటు వెళదామంటారో మీ వదినగారిని అడుగు."