పింజ సగమే చెప్పిన మాట

అనగనగా, పిల్లలూ, భూమికి ఉత్తరపు కొసన ఒక మంచుదేశం. అక్కడ చెట్టన్నది మొలవదు. వేసవిలో సూర్యుడు నెలల తరబడి అస్తమించడు. పైన కాస్త మట్టి, మట్టి మీద నాచు. దాని కింద నేలంతా రాయిలా గడ్డకట్టి ఉంటుంది. తాతల తాతల నాటి నుంచీ అది కరిగింది లేదు.

అక్కడ ఏటి గట్టున ఒక ఎత్తయిన దిబ్బ ఉండేది. ఆ దిబ్బలో బొరియలు తవ్వుకుని తెల్ల నక్కలు బతికేవి. వాటికి పెద్ద ధవళయ్య. ముసలివాడు, మంచివాడు. తన వాటా మాంసం పిల్లలకు పెట్టి, తాను ఎముకలు నాకే రకం.

ఆ గుంపులో పింజ అనే ఆడ నక్క ఉండేది. మిగతా నక్కలు ఆడుకునే వేళ పింజ నేలను పరీక్షించేది. దుప్పి రాల్చిన కొమ్ము ఒకటి దానికి దొరికింది. ప్రతి వేసవి చివరా ఆ కొమ్మును మట్టిలోకి గుచ్చేది. కింద గడ్డకట్టిన నేల తగిలి ‘టక్’మనేది. ఎంతవరకూ దిగిందో కొమ్ము మీద పంటితో గాటు పెట్టుకునేది.

“కడుపు నింపని పనికి ఇంత తిప్పలెందుకే?” అని నవ్వేది దాని అక్క కర్పూరం.

“మనం దేని మీద నిలబడ్డామో తెలుసుకోవద్దా అక్కా?” అనేది పింజ.

మొదటి ఏడు కొమ్ము జానెడు దిగింది. రెండో ఏడు జానెడున్నర దిగింది. మూడో ఏడు మొదలంటా దిగినా ‘టక్’మనలేదు. పింజ అన్నిటికన్నా లోతైన బొరియలోకి వెళ్ళి గోడకు చెవి ఆనించింది. లోపలెక్కడో నీళ్ళు బొట్లు బొట్లుగా పడుతున్నాయి.

చలికాలం వచ్చింది. మంచు కురవాల్సిన రోజుల్లో వాన కురిసింది. ఆ నీరు నేల మీది మంచులోంచి కిందికి ఇంకి, నాచు మీద అద్దంలా గడ్డకట్టింది. పింజ మంచును పొరపొరగా తవ్వి చూసింది. అడుగున పొట్టి ఎలుకలు నాచు అందక చచ్చి పడున్నాయి. నక్కలకు ఆ ఎలుకలే తిండి.

పింజకు అంతా అర్థమైంది. దిబ్బను నిలబెట్టింది లోపలి మంచుగడ్డే. అది కరుగుతోంది. వచ్చే వేసవిలో దిబ్బ ఏట్లోకి కూలుతుంది. బతకాలంటే ఏటికి అవతల ఉన్న రాతికొండకు పోవాలి. ఏరు గడ్డకట్టి ఉండగానే దాటాలి.

ఈ సంగతి చెప్పాలని ధవళయ్య దగ్గరికి బయలుదేరింది. దారిలో కర్పూరం ఎదురైంది. అది చూలాలు. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు, అంత చిక్కిపోయింది.

“పింజా, నీ మొహం చూస్తే భయమేస్తోంది. చెడ్డమాట మాత్రం చెప్పకే. ఈ ఒంటితో నేను ఎక్కడికీ నడవలేను” అంది.

దిబ్బ సంగతి మాట్లాడాలని పింజ అనగానే ధవళయ్య నక్కలన్నిటినీ పిలిచాడు. “చెప్పమ్మా పింజా. మన దిబ్బ కూలుతుందా?” అని అడిగాడు.

పింజ అందరి వైపూ చూసింది. అక్క వైపు చూసింది. ‘కూలుతుంది తాతా’ అన్న మాట నాలుక చివర దాకా వచ్చింది.

“కూలవచ్చు... కూలకపోనూవచ్చు” అంది.

నక్కలన్నీ హమ్మయ్య అనుకున్నాయి. “అయితే ఉందాం” అన్నాడు ధవళయ్య. ఆ రోజు వేటలో దొరికిన ఒక్క ఎలుకనూ పింజకే పెట్టారు. పింజ తినేసింది. కమ్మగా ఉంది.

కొన్నాళ్ళకు దిబ్బ నెత్తిన బీట పడింది. పింజ కాలు పట్టేంత బీట. ఏటి మీద మంచు ఇంకా గట్టిగానే ఉంది.

“ఇదేనా అమ్మా నువ్వు చెప్పింది?” అని అడిగాడు ధవళయ్య.

ఇప్పుడు అవునంటే, ‘మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?’ అంటారు. పింజకు సిగ్గేసింది.

“చూద్దాం తాతా” అంది.

చూస్తుండగానే ఏరు కరిగిపోయింది. కర్పూరం ఆరుగురు పిల్లల్ని కంది.

నడి వేసవిలో ఒక రోజు బీట ఒక్కసారిగా నోరు తెరిచింది. “కూలుతోంది! బయటికి రండి!” అని పింజ గొంతు చించుకుని అరిచింది. నక్కలు పరుగులు తీశాయి. కర్పూరం ఒక పిల్లను నోట కరుచుకుని వచ్చి చెల్లెలి ముందు పడేసింది. రెండోదాని కోసం మళ్ళీ లోపలికి దూకింది.

దిబ్బ బురదలా జారి ఏట్లో కలిసిపోయింది. కర్పూరం బయటికి రాలేదు. తక్కిన అయిదుగురు పిల్లలూ రాలేదు.

ధవళయ్య పింజ దగ్గరికి వచ్చి అడిగాడు. “నీకు ముందే తెలుసా పింజా?”

“తెలుసు తాతా.”

“అనుమానం కాదా?”

“కాదు.”

ముసలినక్క తిట్టలేదు. కొట్టలేదు. “నువ్వు ఒక్క మాట చెబితే మీ అక్కను నా వీపున మోసుకుపోయేవాణ్ణి కదమ్మా” అన్నాడు. ఆ తరవాత మళ్ళీ పింజతో మాట్లాడలేదు.

మిగిలిన నక్కలు ఏటి వెంట తిరిగాయి. కొత్త బొరియ కోసం ఒకచోట తవ్వితే నీరు ఊరింది. ఇంకోచోట తవ్వితే బురద పొంగింది. మరోచోట తవ్వకముందే నేల కుంగింది. పసిపిల్లకు నమిలిన మాంసం తినిపిస్తూ పింజ వాటి వెనకే నడిచింది. చలికాలం వచ్చేసరికి ధవళయ్య లేడు. గుంపులో సగం లేదు.

ఏటి మీద మంచు పట్టింది, కానీ నడి చలికాలం వచ్చినా పలచగానే ఉంది. అవతల రాతికొండ కనిపిస్తోంది. పిల్లనక్క ఒడ్డున నిలబడి అడిగింది.

“పిన్నీ, ఈ మంచు మనల్ని మోస్తుందా?”

పింజ పంజాతో నొక్కి చూసింది. మంచు కిర్రుమంది. ఈసారి పింజ ఉన్నదున్నట్టు చెప్పింది.

“మోయదు తల్లీ.”

“మరి ఎక్కడికి పోదాం?”

పింజ పిల్లను తన తోక కిందికి లాక్కుని, గాలికి అడ్డంగా ఆ ఒడ్డునే పడుకుంది.

నీతి: ముప్పు తెలిసినవాళ్ళు మొహమాటంతో సగమే చెబితే, మిగతా సగం బయటపడేసరికి పారిపోవడానికి దారి ఉండదు.